ఓరుగల్లు నేలపై వృద్ధుల ఆలనకు ధర్మనిధులు: ఒక సమీక్ష

వృద్ధుల సంక్షేమాన్ని గురించి తెలుగులో సాగే చర్చ తరచుగా రెండు కొసల దగ్గరే తిరుగుతుంది: ఒక కొసన ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పింఛను, మరొక కొసన కన్నవారిని పట్టించుకోని సంతానంపై ఆగ్రహం. ఈ రెంటి నడుమ అంతగా చర్చకు రాని విశాలమైన రంగం ఒకటి ఉంది. ప్రభుత్వ శాఖ గానీ, కంపెనీ గానీ, విదేశీ దాతల సంస్థ గానీ, దేవాలయ నిధి గానీ, ఊరివారి చందా గానీ కొంత సొమ్మును ఒక సంఘం చేతిలో పెట్టి, దానితో వృద్ధులకు ఫలానా సేవ అందించమని కోరే ఏర్పాటు అది. తిరిగి చెల్లించనక్కరలేకపోయినా నిర్దేశించిన పనికే, నిర్దేశించిన గడువులోనే ఖర్చు చేయాలన్న షరతుతో ఇచ్చే సొమ్మును గ్రాంటు అంటారు. అటువంటి షరతు లేకుండా ఇచ్చేది దానం. అసలు సొమ్మును కదల్చకుండా దానిపై వచ్చే రాబడితోనే పని నడిచేటట్లు కట్టడి చేసినది శాశ్వత నిధి. ఈ మూడింటి పాళ్లను బట్టే ఒక ప్రాంతంలో వృద్ధులకు అందే సేవ ఏ రూపంలో ఉండేదీ నిర్ణయమవుతుంది. పూర్వపు వరంగల్ జిల్లాను దృష్టిలో పెట్టుకుని పరిశీలిస్తే, నిధుల కొరత వాస్తవమే అయినా, ఉన్న నిధుల తీరు వృద్ధుల బతుకు తీరుతో పొసగకపోవడం అంతకంటే పెద్ద సమస్య అని తేలుతుంది. గ్రాంటు ఏడాదిని కొలతగా పెట్టుకుంటుంది, భవనాలనూ మంచాలనూ లెక్కిస్తుంది. వార్ధక్యమేమో పదిహేను ఇరవై ఏళ్ల పాటు, చాలామందికి సొంత ఇంటి అరుగు మీదనే గడుస్తుంది.

2011 జనగణన నాటికి దేశంలో 60 ఏళ్లు నిండినవారు 10.38 కోట్ల మంది. 2021 నాటికి వారి సంఖ్య 13.8 కోట్లకు చేరిందనీ, 2031 నాటికి 19.4 కోట్లు అవుతుందనీ అధికారిక అంచనాలు చెబుతున్నాయి. జననాల రేటు త్వరగా తగ్గిన దక్షిణాది రాష్ట్రాలలో ఈ పెరుగుదల ముందుగా, వేగంగా కనిపిస్తోంది. వరంగల్ ప్రాంతంలో దీనికి వలస తోడైంది. 1934లో నిజాం పాలనలో మొదలై, దశాబ్దాల పాటు నగరానికి జీవగర్రగా నిలిచిన ఆజంజాహీ బట్టల మిల్లు ఈ శతాబ్ది తొలి ఏళ్లలో మూతపడినప్పుడు, దానిని నమ్ముకున్న కుటుంబాల్లో తరువాతి తరానికి ఊళ్లోనే స్థిరమైన కొలువు దొరికే దారి మూసుకుపోయింది. చేనేత కుటుంబాల యువకులు భివండీకి, సూరత్‌కు, షోలాపూర్‌కు వెళ్లడం అంతకు ముందే మొదలైంది. చదువుకున్నవారు హైదరాబాదుకు, అక్కడి నుంచి విదేశాలకు వెళ్లారు. వరంగల్ నగరంలోని కొత్తవాడలో తివాచీల మగ్గాల దగ్గర నేడు కనిపించే చేతుల్లో ఎక్కువ భాగం వయసు మళ్లినవే. హనుమకొండ కాలనీల్లో సొంత ఇల్లూ ఉద్యోగ పింఛనూ ఉండి, రాత్రి గుండెనొప్పి వస్తే పిలవడానికి మనిషి లేని దంపతులు ఒక రకం. ములుగు, మహబూబాబాద్ గూడేలలో రేషను బియ్యం ఉండీ వండుకునే ఓపిక లేని ఒంటరి అవ్వ మరొక రకం. వీరిద్దరినీ ‘వృద్ధులు’ అన్న ఒక్క మాట కింద చేర్చే పథకం ఇద్దరిలో ఎవరికీ సరిగా ఉపయోగపడదు.

అవసరంలో ఉన్నవారి కోసం నిధిని ఏర్పరచి, దాని వినియోగాన్ని రాతలో పెట్టే పద్ధతి ఈ నేలకు కొత్తది కాదు. ఓరుగల్లు రాజధానిగా ఏలిన కాకతీయుల కాలంలో, క్రీ.శ. 1261 నాటి మల్కాపురం శాసనం దీనికి గట్టి సాక్ష్యం. నేటి గుంటూరు ప్రాంతంలోని మందడం గ్రామాన్ని గణపతిదేవుడూ, వెలగపూడిని రుద్రమదేవీ గోళకీ శైవ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి ధారపోయగా, ఆ గ్రామాల ఆదాయాన్ని భాగాలు చేసి మఠానికీ, విద్యార్థుల పోషణకూ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రాల నిర్వహణకూ కేటాయించినట్లు ఆ శాసనం తెలుపుతుంది. వృద్ధుల కోసమే ప్రత్యేకంగా పెట్టిన సంస్థ ఏదీ అందులో లేదు. ఉమ్మడి కుటుంబం ఉన్న సమాజానికి దాని అవసరం తట్టి ఉండకపోవచ్చు. అయినా రెండు విషయాలు ఇప్పటి చర్చకు నేరుగా పనికివస్తాయి. మొదటిది, ఇచ్చినది ఒకసారి ఖర్చయిపోయే సొమ్ము కాక, ఏటేటా పంట పండే భూమి. రెండవది, ఆ భూమిలో వైద్యునికీ, లెక్కలు రాసే కరణానికీ, వంటవారికీ, కాపలావారికీ వాటాలను శాసనమే నిర్ణయించింది; సేవ చేసే మనిషి బతికితేనే సేవ బతుకుతుందన్న గ్రహింపు దాతలో ఉంది. ఏడు శతాబ్దాలు దాటిన ఆ శాసనంలోని ఈ రెండు అంశాలూ ఆధునిక గ్రాంటు పత్రాలలో చాలాసార్లు కనిపించవు.

దాన సంప్రదాయం మాత్రం ఆగిపోలేదు, దాని వాలు మారింది. వరంగల్, హనుమకొండ, కాజీపేట త్రినగరాల్లో వృద్ధాశ్రమాల రోజువారీ తిండి గడవడంలో ప్రభుత్వ గ్రాంటు కంటే పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, తల్లిదండ్రుల సంవత్సరీకానికో ఒక పూట భోజనం పెట్టించే కుటుంబాల పాత్ర పెద్దది. ఇది చిన్నచూపు చూడవలసిన విషయం కాదు. చనిపోయిన తండ్రి పేరుతో ఎవరో ఒక పెద్దమనిషికి కడుపునిండా అన్నం పెట్టాలనుకునే భావన వెనుక ఉన్నది నిజమైన ఆర్ద్రత. అదే లేకపోతే అనేక ఆశ్రమాల పొయ్యి వెలగదు. చిక్కు ఎక్కడంటే, ఈ దానం పండుగలకూ, సెలవు దినాలకూ, పెళ్లిళ్ల ముహూర్తాలకూ పోగుపడుతుంది, వానాకాలపు వారం మధ్య రోజుల్లో పలచబడుతుంది. పైగా అది అన్నం రూపంలో వస్తుంది గానీ, రాత్రి పూట పక్క మార్చే ఆయా జీతం రూపంలో, రక్తపోటు మాత్రల రూపంలో, కరెంటు బిల్లు రూపంలో రాదు. మధుమేహం ఉన్నవారికి ఒకే రోజు రెండు పూటలా పాయసం అందుతుంది, మరుసటి రోజు చక్కెర పరీక్షకు పట్టీలు ఉండవు. దాతల మనసు మంచిదే కనుక, ఆ మంచితనానికి ఒక కాలువ తవ్వడం నిర్వాహకుల పని: పూట భోజనానికి బదులుగా ఒక నెల మందుల ఖర్చును, లేదా శాశ్వత నిధిలో ఒక వాటాను ఆ కుటుంబం పేరు మీద స్వీకరించే పద్ధతిని కొన్ని సంస్థలు పాటిస్తాయి, అది అందరూ అలవరచుకోదగినది. దేవాదాయ రంగంలోనూ ఇటువంటి అవకాశం ఉంది. 1987 నాటి ధర్మాదాయ, దేవాదాయ చట్టం కింద ఆదాయం బాగా ఉన్న ఆలయాల నుంచి కొంత వాటా చేరే సర్వశ్రేయోనిధి అన్న ఉమ్మడి నిధి ఉంది. ఇప్పుడు దాని చర్చ ప్రధానంగా శిథిలాలయాల ఉద్ధరణ చుట్టూ తిరుగుతుంది. ఆలయాల నిత్యాన్నదానం క్యూలో నిలబడగలిగిన వృద్ధులకు అందుతుంది, నిలబడలేని వారికి అందదు. ఆ వండిన అన్నమే క్యారియర్లలో వీధివీధికీ వెళ్లగలిగితే అదే ఖర్చుతో అదే ధర్మం మరింత దూరం నడుస్తుంది.

ప్రభుత్వం వైపు చూస్తే, గ్రాంటుల కంటే ముందు పింఛనును చెప్పుకోవాలి, ఎందుకంటే గ్రాంటుతో నడిచే ఏ సేవ అయినా దాని పునాది మీదనే నిలుస్తుంది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం ఇచ్చే వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 దాటినవారికి 500 రూపాయలు మాత్రమే. మిగిలిన భారాన్ని రాష్ట్రాలు మోస్తున్నాయి. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పేరుతో 1,000 రూపాయలుగా మొదలైన వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలైంది, 2022లో అర్హత వయసు 65 నుంచి 57కు దిగింది. పేద ఇంట్లో వృద్ధుల మాటకు కొంత విలువ తెచ్చిన ఘనత ఈ పింఛనుదే. అయితే డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి రాడు; వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించని చేతికి ఆ డబ్బు అందడానికి కూడా ఒక తోడు కావాలి. సామూహిక సేవకు గ్రాంటు అవసరమయ్యేది సరిగ్గా ఈ చోటనే.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దీని కింద పోషణ కోరే వృద్ధులు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు న్యాయవాది అవసరం లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చు; చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. ఈ భాగాలకు పత్రికల్లో ప్రచారం బాగానే దక్కింది. 19వ సెక్షను గురించి మాత్రం తక్కువగా వింటాం. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమంతో మొదలుపెట్టి, ఒక్కొక్క దానిలో కనీసం 150 మంది నిరాధార వృద్ధులకు, అంటే తమను తాము పోషించుకునే ఆధారం లేనివారికి, చోటు కల్పించేటట్లు రాష్ట్ర ప్రభుత్వం దశలవారీగా ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని ఆ సెక్షను చెబుతుంది. ‘నెలకొల్పాలి’ అనక ‘నెలకొల్పవచ్చు’ అనడంలోనే దాని బలహీనత ఉంది. 2016 అక్టోబరులో పూర్వపు వరంగల్ జిల్లా ఐదుగా విడిపోయింది. 2019లో ములుగు ఏర్పడి ఆరయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. చట్టపు కొలత ప్రకారమే చూసినా, ఒకప్పుడు ఒక ఆశ్రమం సరిపోయిందనుకున్న నేలకు ఇప్పుడు ఆరు ఆశ్రమాలు, 900 మందికి చోటు ఉండాలి. జిల్లాల విభజన కలెక్టరేట్లను ప్రజలకు దగ్గర చేసినట్లే వృద్ధుల సేవలనూ దగ్గర చేసి ఉండవలసింది.

స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం ఇచ్చే గ్రాంటులకు మూలం 1992లో మొదలైన వృద్ధుల సమగ్ర కార్యక్రమం. 1999 నాటి జాతీయ విధానం తరువాత అది పలుమార్లు మారి, 2018లో వయోవృద్ధుల సమగ్ర కార్యక్రమంగా, ఆపైన అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగంగా కొనసాగుతోంది. కనీసం 25 మందిని ఉంచే ఆశ్రమాలకు, మతిమరుపు వ్యాధితో గానీ తీవ్రమైన జబ్బుతో గానీ మంచం పట్టిన కనీసం 20 మందిని నిరంతరం చూసుకునే కేంద్రాలకు, సంచార వైద్య వాహనాలకు, ఫిజియోథెరపీ క్లినిక్కులకు ఇది సహాయం చేస్తుంది. దరఖాస్తు చేసే సంస్థ నమోదై కొన్నేళ్లు గడిచి ఉండాలి, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరు ఉండాలి, ఇ-అనుదాన్ అన్న ఆన్‌లైన్ వేదిక ద్వారా పత్రాలు పంపాలి, జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో తనిఖీ, సిఫారసు జరగాలి. సొమ్ము విడతలుగా వస్తుంది. ముందటి విడత ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం చేరనిదే తరువాతి విడత కదలదు. ప్రజాధనానికి జవాబుదారీ ఉండాలన్న దానిలో రెండో మాట లేదు. అయితే ఈ వరుస వల్ల జరిగేదేమిటంటే, ఖర్చు ముందు, సొమ్ము తరువాత. బియ్యం కొట్టు దగ్గరా, మందుల దుకాణం దగ్గరా అరువు పెట్టగలిగిన సంస్థ నిలుస్తుంది. ఆ పరపతి లేని చిన్న సంఘం, దానికి సేవ చేసే మనసు ఎంత ఉన్నా, మొదటి ఆలస్యానికే మూతపడుతుంది. ఒక గ్రామంలో పది ఇళ్లకు వెళ్లి పలకరించి, మాత్రలు వేసుకున్నారో లేదో చూసివచ్చే పనికి ఈ పట్టికలో సరిపడే గడి దొరకడం కష్టం. పట్టికలో ప్రధానంగా ఉన్నది మంచాల సంఖ్య కనుక ఆశ్రమం పెట్టేవారికి దారి సుగమంగా ఉంటుంది. ఇంట్లో ఉన్న వృద్ధులను ఇంట్లోనే నిలబెట్టేవారికి ఆ దారి ఇరుకు.

ఇదే తర్కం ఉపకరణాల పంపిణీలోనూ కనిపిస్తుంది. 2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తుంది. ఉద్దేశం ఎంతో మంచిది, శిబిరం రోజున పెద్దల ముఖాల్లో వెలుగు కూడా నిజమే. కానీ వినికిడి యంత్రానికి బ్యాటరీ అయిపోతుంది, చెవిలో సరిగా అమరక గీపెడుతుంది, కట్టుడు పళ్లు చిగుళ్లకు ఒరుసుకుంటాయి. ఆరు నెలల తరువాత అవి పెట్టె అడుగున చేరకుండా ఉండాలంటే నెలకొకసారి ఊరికి వచ్చి సరిచేసే మనిషి కావాలి. ఆ మనిషి ప్రయాణపు ఖర్చు ఏ పథకంలోనూ శీర్షికగా ఉండదు. దీనికి భిన్నంగా, చిన్న ప్రయోగం నుంచి దేశవ్యాప్త సేవగా ఎదిగిన మంచి ఉదాహరణ 14567 ఎల్డర్ లైన్. టాటా ట్రస్టులు, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాదులో వృద్ధుల సహాయానికి మొదలుపెట్టిన పని అనుభవమే తరువాత కేంద్ర ప్రభుత్వం 2021లో అన్ని రాష్ట్రాలకు విస్తరించిన ఈ ఉచిత ఫోన్ సేవకు ఆధారమైంది. దాత సొమ్ము ప్రయోగానికి, ప్రభుత్వ సొమ్ము విస్తరణకు అన్న శ్రమ విభజన ఇక్కడ ఫలించింది. ఫోను ఎత్తిన తరువాత ఊరికి వెళ్లి తలుపు తట్టే చేతులు ఎన్ని ఉన్నాయన్న దాని మీదనే దాని తరువాతి దశ ఆధారపడి ఉంది.

కంపెనీల నిధుల విషయానికి వస్తే, 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఏడవ షెడ్యూలులో వృద్ధాశ్రమాలు, పగటి సంరక్షణ కేంద్రాలు, వయోవృద్ధులకు ఇతర వసతులు స్పష్టంగా ఉన్నాయి. వరంగల్‌కు ఈ వనరు పలచగా చేరడానికి కారణం చట్టంలోనే ఉంది: కంపెనీ తాను పనిచేసే చోటికీ దాని చుట్టుపక్కల ప్రాంతానికీ ప్రాధాన్యం ఇవ్వాలి. ఆజంజాహీ మిల్లు మూతపడి, కమలాపురం రేయాన్స్ కర్మాగారం ఆగిపోయిన ప్రాంతంలో చుట్టుపక్కల అనదగిన పెద్ద కంపెనీలు కొద్ది. సింగరేణి గనులూ చెల్పూరు విద్యుత్ కేంద్రమూ ఉన్న భూపాలపల్లి వైపు పరిస్థితి వేరు. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని పరిశ్రమలు లాభాల బాట పట్టాక వరంగల్ పరిస్థితీ మారవచ్చు. పరిశ్రమ ఉన్న చోటికే ధర్మం వెళితే, పరిశ్రమ పోయిన చోట మిగిలిపోయిన పాత కార్మికుల సంగతి ఎవరు చూడాలన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. పైగా ఒక ప్రాజెక్టును మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల వరకే కొనసాగే పనిగా చూపవచ్చు. 65 ఏళ్ల వయసులో సేవ అందుకోవడం మొదలుపెట్టిన మనిషికి 69 నిండేసరికి, అవసరం పెరిగే వేళకు, ఆ సేవ ముగిసిపోతుంది.

విదేశీ విరాళాల కథలో వరంగల్‌కు ప్రత్యేక స్థానం ఉంది. కాజీపేట కేంద్రంగా 1991లో బాల థెరిసా, ఆండ్రే జింగ్రాస్ దంపతులు స్థాపించిన బాలవికాస, కెనడాలోని సోపార్ సంస్థ తోడ్పాటుతో ఎదిగి, తాగునీటి శుద్ధి కేంద్రాలు, చెరువుల పూడికతీత, వితంతువుల పట్ల వివక్షను రూపుమాపే కార్యక్రమాల ద్వారా తెలంగాణ పల్లెల్లో పేరు పొందింది. ఆ సంస్థ పని ప్రధానంగా వృద్ధుల కోసం కాదు. అయినా రెండు కారణాల వల్ల ఈ చర్చకు అది దగ్గరిది. నీటి కేంద్రం కావాలనుకున్న ఊరు తన వంతు చందా వేసుకుని, కమిటీ ఏర్పరచుకుని, ఆ తరువాత నిర్వహణను తానే మోయాలన్నది దాని పద్ధతి. పక్కా కట్టడంతో పోల్చలేని వృద్ధుల సేవకు ఈ పద్ధతి ఇంకా ఎక్కువగా నప్పుతుంది, ఎందుకంటే అరవై ఇళ్ల వాడలో ఏ అవ్వ మూడు రోజులుగా బయటికి రాలేదో దూరపు కార్యాలయానికి తెలియదు, వాడకు తెలుస్తుంది. రెండవది, వృద్ధ స్త్రీలలో ఎక్కువ మంది వితంతువులు. భర్త కంటే వయసులో చిన్నవారు కావడం వల్లా, ఎక్కువ కాలం బతకడం వల్లా వార్ధక్యపు చివరి దశ అన్నది ప్రధానంగా ఒంటరి స్త్రీ దశ. బొట్టు, పసుపు, పేరంటం దగ్గర మొదలైన వివక్ష ఆస్తి, ఆహారం, వైద్యం దాకా పాకుతుంది కనుక, వితంతువుల గౌరవం కోసం చేసిన పని వృద్ధుల పని నుంచి వేరు చేయదగినది కాదు.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి జరిగిన సవరణ ఈ రంగాన్ని లోతుగా కదిలించింది. విదేశీ సొమ్ము పొందిన సంస్థ దానిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని అది నిషేధించింది, పాలనా వ్యయపు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, సొమ్మంతా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలంది. దుర్వినియోగాన్ని అరికట్టడం దీని ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. మొదటి నిబంధన భారం మాత్రం అత్యంత చిన్న సంఘాల మీద పడింది. ఆంగ్లంలో నివేదిక రాయగల పెద్ద సంస్థ దాత నుంచి గ్రాంటు తెచ్చి, దానిని చిన్న ముక్కలు చేసి మండల స్థాయి సంఘాలకు అందించడం అంతవరకు ఉన్న మార్గం. తనంతట తాను దరఖాస్తు పెట్టలేని సంఘానికి అదే ఏకైక మార్గం కూడా. దేశీయ విరాళాల్లోనూ ఈ గొలుసు బలహీనపడింది: ఒక ధర్మసంస్థ మరో ధర్మసంస్థకు ఇచ్చిన సొమ్ములో 85 శాతాన్ని మాత్రమే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా గుర్తించాలని 2023 ఆర్థిక చట్టం నిర్దేశించింది. ఏడుగురు సభ్యులతో 2001 నాటి సంఘాల చట్టం కింద నమోదు కావడం ఒక చిన్న పల్లెకు సాధ్యమే. పన్ను మినహాయింపుకు ఒక నమోదు, దాతలకు రాయితీకి మరొక ఆమోదం, కంపెనీల సొమ్ముకు సీఎస్ఆర్-1 పత్రం, ఏటేటా ఆడిట్ అన్నవి కలిస్తే మాత్రం సేవకు వెచ్చించవలసిన కాలం కాగితానికి పోతుంది. ఆదాయం 5 కోట్లకు మించని ధర్మసంస్థలకు నమోదు గడువును 2025లో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచడం స్వాగతించదగిన ఊరట. ఊరు వంటి చిన్న సమూహానికి గొడుగుగా నిలిచి, దాని తరఫున లెక్కలు చూసే నమోదిత సంస్థ జిల్లాకు ఒకటి ఉండటం ఇప్పుడున్న చట్టాల లోపలే సాధ్యమయ్యే పరిష్కారం.

ఇతర ప్రాంతాల అనుభవం ఈ సమస్యకు ఎటువంటి సమాధానాలు వెతికిందో చూడటం అవసరం. కేరళలో 1993లో కోజికోడ్ వైద్య కళాశాల ఆవరణలో మొదలైన నొప్పి నివారణ, ఉపశమన సేవ, ఆ దశాబ్దం చివరికి మలప్పురం పల్లెల్లో ఇరుగుపొరుగు బృందాల రూపం దాల్చింది. మంచం పట్టిన మనిషి ఇంటికి శిక్షణ పొందిన స్థానికులు వారానికోసారి వెళ్లడం, నర్సు పుండ్లు శుభ్రం చేయడం, ఆ ఖర్చును దుకాణాల్లో, బస్సుల్లో, బడుల్లో పోగయ్యే చిల్లర విరాళాలతో భరించడం దాని విశేషం. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానిని విధానంగా స్వీకరించి, స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. వియత్నాంలో 2006 నుంచి విస్తరించిన తరాల మధ్య స్వయం సహాయక సంఘాల్లో 50 నుంచి 70 మంది సభ్యులుంటారు. వారిలో ఎక్కువ మంది వృద్ధులు, అందులోనూ స్త్రీలు, పేదలు. మిగిలినవారు వయసులో చిన్నవారు. దాత ఇచ్చే మొదటి గ్రాంటు ఖర్చయిపోదు, సంఘం చేతిలో తిరిగే అప్పు నిధిగా నిలుస్తుంది, దాని వడ్డీతో ఆరోగ్య పరీక్షలూ, ఇంటి దగ్గరి సేవా నడుస్తాయి. ఇంగ్లండులో లాటరీ సొమ్ముతో 2015 నుంచి 2022 వరకు 14 ప్రాంతాల్లో నడిచిన ‘ఏజింగ్ బెటర్’ కార్యక్రమం ఒంటరితనాన్నే ప్రధాన సమస్యగా తీసుకుని, ఏడేళ్ల గడువు ఇచ్చి, పనిచేయని ప్రయత్నాన్ని మధ్యలో మార్చుకునే స్వేచ్ఛను కల్పించింది. ఈ మూడింటిలో వరంగల్‌కు ఎక్కువ దగ్గరగా ఉన్నది వియత్నాం పద్ధతి, ఎందుకంటే అటువంటి సంఘానికి కావలసిన అలవాటు ఇక్కడి మహిళల్లో ఇప్పటికే పాదుకుని ఉంది.

పొదుపు సంఘాలు, గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యల అల్లిక పూర్వపు వరంగల్ జిల్లాలో ఏళ్ల తరబడి నిలదొక్కుకున్నది. 2009 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన అభయహస్తం పథకంలో సంఘ సభ్యురాలు రోజుకు ఒక రూపాయి, ప్రభుత్వం మరో రూపాయి జమ చేసి, 60 ఏళ్ల తరువాత నెలకు కనీసం 500 రూపాయల పింఛను పొందే ఏర్పాటు చేశారు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో అది ముందుకు సాగలేదు. అయినప్పటికీ రోజుకు ఒక రూపాయి లెక్కన తన ముసలితనానికి తాను కూడబెట్టుకోవాలని లక్షల మంది పేద స్త్రీలు అంగీకరించారన్న వాస్తవం చిన్నది కాదు. మరొక ఆధారం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న ముల్కనూరు. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో 1956లో ఏర్పడిన అక్కడి సహకార గ్రామీణ బ్యాంకు, 2002లో మొదలైన మహిళా పాల ఉత్పత్తిదారుల సంఘం, బయటి గ్రాంటు మీద ఆధారపడకుండా సభ్యుల వ్యాపారపు మిగులు నుంచే సభ్యుల సంక్షేమాన్ని చూసుకోవచ్చని నిరూపించాయి. పొదుపు సంఘాలు ఏళ్ల తరబడి 60 నిండిన సభ్యురాలిని బయటికి పంపుతూ వచ్చాయి. జీవితమంతా సంఘం పుస్తకాలు మోసిన మనిషిని, ఆమెకు సంఘం అత్యంత అవసరమైన రోజున ఇంటికి పంపడం బాధాకరమైన నియమం. ఇటీవల తెలంగాణలో 60 దాటిన స్త్రీలతోనూ సంఘాలు ఏర్పరచాలన్న నిర్ణయం ఆ తప్పును దిద్దడానికి పడిన మొదటి అడుగు. అయితే ఆ వయసులో వారికి కావలసింది వ్యాపారపు అప్పు కంటే అక్కరకు వచ్చే చిన్న నిధి.

ఆ నిధి ఎంత ఉండాలి, దేనికి ఖర్చు కావాలి అన్న ప్రశ్నలకు జవాబు ఊరూరా మారుతుంది గానీ, పద్దులు మాత్రం ఊహకు అందనివి కావు: వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవారికి ఆటో కిరాయి, వెంట వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి, ఒంటరిగా ఉన్నవారికి మధ్యాహ్నం ఒక పూట వండిన అన్నం, వినికిడి యంత్రపు బ్యాటరీలు, వర్షాకాలానికి ముందు కప్పు మీద నాలుగు పెంకులు, ట్రిబ్యునల్‌కు దరఖాస్తు రాయించే ఖర్చు, దిక్కులేనివారి అంత్యక్రియలు. చోటు కూడా కొత్తగా కట్టనక్కరలేదు. పిల్లలు తగ్గి ఖాళీగా ఉన్న బడి గదులూ, సమాఖ్య భవనాలూ, కమ్యూనిటీ హాళ్లూ పగటి పూట పెద్దలు కూడుకోవడానికి చాలు. 2022లో యునెస్కో అభ్యాస నగరాల ప్రపంచ కూటమిలో వరంగల్ చేరినందువల్ల, జీవితాంతం నేర్చుకోవడం అన్న ఆ కూటమి ఆశయంలో 70 ఏళ్ల మనిషికి ఫోనులో పింఛను వివరాలు చూసుకోవడం, మోసపు ఫోన్‌కాల్‌ను గుర్తించడం నేర్పే తరగతులను చేర్చడానికి నగరపాలక సంస్థకు ఒక సందర్భం కూడా ఏర్పడింది.

ఈ సంఘాల నమూనా కూడా చేరలేని వారు ఉన్నారు. సంఘానికి నడిచి రాలేనివారు, మతిమరుపు ముదిరి తన వీధిని తాను గుర్తుపట్టలేనివారు, పక్షవాతంతో మంచం పట్టినవారి దగ్గర ఇరుగుపొరుగు సద్భావానికి ఒక హద్దు ఉంటుంది. ఏళ్ల తరబడి పగలూ రాత్రీ సేవ చేస్తున్న కోడలికో, కూతురికో, ఆమె కూడా 60కి చేరువవుతున్నప్పుడు, పది రోజుల విరామం ఇచ్చే ఏర్పాటు ఏ గ్రాంటు పట్టికలోనూ తగినంత చోటు పొందలేదు. ఇటువంటి రోగిని కొద్ది రోజులు ఉంచుకుని, ఇంటివారికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చే పడకలు జిల్లాకు పది ఉన్నా, ఆశ్రమంలో శాశ్వతంగా చేర్చవలసిన అగత్యం అనేక కుటుంబాలకు తప్పుతుంది. కాకతీయ వైద్య కళాశాల, దాని ఆసుపత్రులు, నగరంలోని నర్సింగ్ కళాశాలల విద్యార్థులు అందుబాటులో ఉన్న చోట దీనికి కావలసిన నైపుణ్యం కొరత కాదు. ప్రభుత్వం ఆసుపత్రిలో చోటు ఇచ్చి, దాత శాశ్వత నిధి పెట్టి, ఆ నిధి పత్రంలో మల్కాపురం శాసనం వలె ఆయా జీతాన్ని మొదటి పద్దుగా రాసుకుంటే, ఆ పది పడకలు ఏ విడత సొమ్ము కోసమూ ఎదురుచూడకుండా నడవగలవు.